మూడో మెట్టు, ఆరున్నర శ్రుతి

నరసరావుపేటలో కోర్టుల వెనక సందులో ఉన్న సుభాషిణి కొట్టుకి బోర్డు లేదు. ఫ్లెక్సీ ఒకటి ఉండేది, రెండేళ్ల కిందట గాలికి చిరిగింది. మళ్లీ వేయించలేదు. వకీళ్ల గుమాస్తాలకి దారి తెలుసు, ఆమెకి అది చాలు. అఫిడవిట్లు, వకాల్తాలు, కౌంటర్లు, వేసవిలో శుభలేఖలు. ఇతరులు చెప్పింది తప్పు లేకుండా టైపు చెయ్యడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా చేస్తోంది. మెడనొప్పికి పట్టీ వాడుతుంది, ఎవరైనా కొట్టులోకి వస్తే తీసి సొరుగులో పెడుతుంది.

ఈ వేసవిలో ఆమె కంప్యూటర్లో పిటిషన్ల మధ్య ఇంకో కిటికీ తెరిచి ఉండేది. అందులో ఐదు గీతలు, వాటి మీద చుక్కలు. చిన్నప్పుడు గుంటూరు హాస్టల్లో ఒక సిస్టర్ నేర్పిన, పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ అది. ఇన్నాళ్లకి పనికొచ్చింది.

ఆమె తండ్రి యల్లమంద కారంపూడి దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘంలో ఉపదేశిగా పనిచేసి తొమ్మిదేళ్ల కిందట పోయాడు. పన్నెండు పాటలు రాశాడు. వాటికి వరసలు కట్టింది మస్తాన్‌రావు, నలభై ఏళ్లు పద్య నాటకాలకి హార్మోనియం వాయించినవాడు. చర్చికి ఏమీ కాడు, యల్లమందకి స్నేహితుడు. నాటకాలు తగ్గాక ఆదివారాలు ఆ చర్చిలోనే వాయిస్తున్నాడు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. ఎడమ చెవి పనిచెయ్యదు, కుడి చెవి రోజును బట్టి.

సంఘానికి డెబ్బై ఐదేళ్లు నిండుతున్నాయని పాటల పుస్తకం వేస్తున్నారు. పుస్తకం బాధ్యత రిటైర్డ్ హెడ్మాస్టరు వెంకట్రామయ్యది. ఆయన ముందే చెప్పాడు.

"సుభాషిణమ్మా, స్వరాలు వేస్తానంటున్నావు, వెయ్యి. మన వాళ్లు చూసి వాయించగలిగితే అచ్చు వేద్దాం. లేకపోతే మాటలు మాత్రమే. తప్పు స్వరం అచ్చయితే యాభై ఏళ్లు తప్పే పాడతారు."

ఆ మాట సబబే. కానీ మాటలు మాత్రమే అచ్చయితే వరసలు మస్తాన్‌రావుతో పోతాయని ఆమెకి తెలుసు. పాడేవాళ్లు ఇప్పటికే ఒక్కొక్కరు ఒక్కో రకంగా పాడుతున్నారు.

వరసలు రాయడం పెద్ద కష్టం కాలేదు. ముసలాయన వాయిస్తుంటే ఫోన్లో రికార్డు చేసింది, విని చుక్కలు పెట్టింది. కష్టమంతా గిటారు దగ్గర వచ్చింది.

గిటారు వాయించేది సుధాకర్, కరెంటు ఆఫీసులో లైన్‌మన్. అతను కాపో లేకుండా వాయించడు. కాపో అంటే గిటారు మెడ మీద బిగించే చిన్న క్లిప్పు. దాన్ని మూడో గడిలో బిగిస్తే వేళ్లు తేలికైన జీ కార్డు, అంటే కలిపి మోగే స్వరాల గుత్తి, పట్టుకుంటాయి, బయటికి బీ ఫ్లాట్ పలుకుతుంది. ఆడవాళ్ల గొంతులకి ఆ ఎత్తు కుదురుతుంది. సుధాకర్ ఫోన్లో చెప్పాడు, ఆమె టైపు చేసింది. జీ, సీ, డీ. సెట్టింగుల్లో కాపో దగ్గర మూడు పెట్టింది. తెర మీద జీ పక్కన బ్రాకెట్లో ఈ అని వచ్చింది. సీ పక్కన ఏ, డీ పక్కన బీ.

ఆమె చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ప్రోగ్రాం తీసేసి తిరిగి ఎక్కించింది. నాలుగు రోజులు పోయాయి. ఐదో రోజు సుధాకర్ గిటారు తీసుకుని కొట్టుకే వచ్చాడు.

"నేను చెప్పింది జీ అక్కా. ఈ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదే నేనూ అడుగుతున్నా. నువ్వు జీ పట్టుకుంటే ఏం పలుకుతుంది?"

"బీ ఫ్లాట్."

"మరి నాకు జీ అని ఎందుకు చెప్పావు?"

"పట్టుకునేది జీ గదా."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కంప్యూటరు తప్పేం చెయ్యలేదు. పలికేది ఏమిటో దానికి చెబితే, వేళ్లు ఏం పట్టాలో అది లెక్కకట్టి చూపిస్తుంది. వీళ్లు వేళ్లు పట్టేదే చెప్పారు. అది నమ్మి ఇంకో మూడు గడులు దించింది.

"పలికేది చెప్పాలయ్యా దానికి. సాక్షి ఏం చూశాడో రాయాలి గానీ, ఏమనుకున్నాడో కాదు."

"నీకు కోర్టు పిచ్చి పట్టింది అక్కా," అన్నాడు సుధాకర్.

పన్నెండు పాటల్లో కార్డులన్నీ మార్చింది. బీ ఫ్లాట్ పక్కన బ్రాకెట్లో బుద్ధిగా జీ వచ్చింది. పాట పైన ఇంగ్లీషులో 'కాపో 3' అని కూడా వచ్చింది. కారంపూడిలో అదెవరికి అర్థమవుతుందని, దాన్ని తీసేసి శుభ్రమైన తెలుగులో 'మూడో మెట్టు' అని తనే టైపు చేసింది. వీణకి ఉండే గడుల్ని మెట్లంటారు గదా, గిటారుకీ అదే మాట సరిపోతుందనుకుంది.

శనివారం మధ్యాహ్నం బస్సులో కారంపూడి వెళ్లింది. చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావడం లేదు. పాడే ఆడవాళ్లు ముగ్గురు వచ్చారు. వెంకట్రామయ్య మాస్టారు వెనక బెంచీ మీద కాగితం పట్టుకుని కూర్చున్నాడు. మస్తాన్‌రావు కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని పైనున్న అక్షరాలు చదివాడు, తలాడించాడు, తిత్తి ఊపి మొదలుపెట్టాడు.

సుధాకర్ రెండో దెబ్బకే ఆపేశాడు. ఆడవాళ్లు ఒక మాట పాడి నోళ్లు మూశారు. చెవి వినపడని ముసలాయన ఒక్కడే అర చరణం దాకా వెళ్లాడు.

"మస్తాన్‌రావు గారూ, ఆపండి," అని సుధాకర్ ఆయన మోకాలు తట్టాడు.

"ఏంది?"

"ఎక్కడ వాయిస్తున్నారు మీరు?"

"మూడో మెట్టు. కాగితంలో ఉంది గదా."

హార్మోనియంలో తెల్ల మీటల్నీ మెట్లనే అంటారు. ఆయన మూడో తెల్ల మెట్టు పట్టుకున్నాడు, అంటే ఈ స్వరం. గిటారు బీ ఫ్లాట్‌లో ఉంది. అంతకన్నా దూరంగా రెండు వాద్యాలు ఉండలేవు.

"ఈ పాట ఎక్కడ మొదలుపెట్టాలో నీకు తెలియదా బాబాయ్? వరస కట్టింది నువ్వే గదా," అంది సుభాషిణి.

"తెలియకేం. గొంతులు దిగినయ్యేమో, దించి రాశావనుకున్నా. నాటకాల్లో వయసు పైబడ్డ ప్రతివాడూ దించమనేవాడేగా."

వెనక నుంచి మాస్టారు లేచాడు. "ఇదమ్మా నేను భయపడింది. రాసిన నువ్వుండగానే ఇట్టా ఉంటే, రేపు నువ్వు లేని చోట ఏంది గతి? మాటలు వేద్దాంలే."

ఆమె కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. సంచిలో తండ్రి నోటుబుక్కు ఉంది, మాటలు సరిచూసుకోవడానికి తెచ్చింది. దాన్ని చూసి మస్తాన్‌రావు చెయ్యి చాపాడు.

"ఇటియ్యి. మీ నాయన మూల్లో రాసుకునేవాడు. ఇదిగో. ఆరున్నర."

"అది ప్రార్థన టైము కాదూ?"

"ఏ టైము?"

"సాయంత్రం ఆరున్నర," అని ఆయన కుడి చెవి దగ్గర గట్టిగా చెప్పింది. నోటుబుక్కులో ఐదున్నరలు, ఆరున్నరలే ఎక్కువ. పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన అనుకుంది ఇన్నేళ్లూ.

మస్తాన్‌రావు పేజీలు తిప్పాడు. "మరి దీని మీద ఒకటి అని ఉంది. కారంపూడి ఎండలో ఒంటిగంటకి ఎవరమ్మా పాడేది? శ్రుతి అది." ఆరో తెల్ల మెట్టుకీ ఏడోదానికీ మధ్యనున్న నల్ల మెట్టు నొక్కి పట్టుకున్నాడు. "ఇది ఆరున్నర. వాయించవయ్యా సుధాకర్."

సుధాకర్ మీటాడు. రెండూ ఒకటే పలికాయి. ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు. చరణం పూర్తయ్యేదాకా మాస్టారు నిలబడే ఉన్నాడు.

"ఆ అంకె పైన పెద్దగా వెయ్యి. మెట్టు మాట తీసెయ్యి," అన్నాడు. "పన్నెండూ ఇట్టానే ఉంటే బుధవారం ప్రెస్సుకి ఇద్దాం. ఒక్కటి తేడా వచ్చినా నన్నడగొద్దు."

కాపో అంకెకి ప్రోగ్రాంలో ఒక గడి ఉంది. ఆరున్నర శ్రుతికి లేదు. మామూలు అక్షరాలుగా టైపు చేసి కుడి మూలకి జరిపింది, తండ్రి రాసిన చోటే. ఏ చుక్క కదిలించినా అది కిందికి జారేది. మళ్లీ జరిపేది. సోమవారం, మంగళవారం అదే పని, పిటిషన్ల మధ్య.

మంగళవారం సాయంత్రానికి పదకొండు అయ్యాయి. పన్నెండో పాటకి నోటుబుక్కులో అంకె లేదు. ఆ మూల చెద తినేసింది. రికార్డింగు విందామంటే ఆ పాట ఒకసారి ఒక శ్రుతిలో, ఇంకోసారి ఇంకో దాంట్లో ఉంది. మస్తాన్‌రావుకి ఫోన్ చేసింది. ఒక గుమాస్తా అఫిడవిట్ కోసం కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, ఆఖరి పాట ఎంత శ్రుతి?"

"ఎవరూ?"

"సుభాషిణిని. ఆఖరి పాట. శ్రుతి."

నాలుగోసారి అరిచాక అర్థమైంది. "హార్మోనియం పెట్టె ముందు పెట్టుకోనీ. పాడితే గానీ తెలియదు."

ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. దగ్గు, పెట్టె జరిపిన చప్పుడు, తిత్తి గాలి. పల్లవి ఒకచోట మొదలుపెట్టి ఆపేశాడు. ఇంకోచోట మొదలుపెట్టాడు. అదీ ఆపాడు. గుమాస్తా గోడ గడియారం వంక చూశాడు. ఆమె సొరుగులోంచి పట్టీ తీసి మెడకి పెట్టుకుంది, అతను ఉండగానే.

మూడోసారి ఆయన ఆపలేదు. పల్లవి, మూడు చరణాలు పాడాడు.

"నాలుగున్నర," అన్నాడు. "రాసుకో."

ఆమె రాసుకుంది. నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. కార్డులు దానికి మార్చి, కాపో గడిలో రెండు వేసింది. బ్రాకెట్లో ఈ వచ్చింది. ఈసారి రావలసిందే వచ్చింది. అంకెని మూలకి జరిపి, గుమాస్తా కాగితం అందుకుంది.