పెళ్ళి క్యాసెట్టులో మా నాయన ఆకు

మా ఆడబిడ్డ కుప్పం నుంచి మదనపల్లెకు, మా ఇంటికి, ఎప్పుడొచ్చినా చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. మా ఇంట్లో మంచినీళ్ళు తాగుతుంది, మా ఫ్యాను కింద పడుకుంటుంది, నా వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూస్తుంది. మెతుకు మాత్రం ముట్టదు. తను తెచ్చుకున్న పెరుగన్నం మా సోఫాలోనే కూర్చుని, నన్ను చూస్తూ తింటుంది.

దీనికంతటికీ కారణం పుంగనూరులో జరిగిన నా పెళ్ళి. ఆ రోజు మా నాయన మగపెళ్ళివారి అల్లుణ్ణి, అంటే ఈవిడ మొగుణ్ణి, భోజనానికి పిలవకుండా తానే మొదటి పంక్తిలో కూర్చున్నాడట. ఆడపిల్ల తండ్రి అందరూ తిన్నాక ఆఖర్న తినాలి. అది మా వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన మర్యాద. "నా కండ్లతో నేను సూసినా. ఆకు నిండా వడ్డించుకోని కూసోనుండాడు. మా ఇంటాయన ఎంగిలి పడకుండా వచ్చినాడు" అని ఈవిడ తను వెళ్ళిన ప్రతి పెళ్ళిలోనూ చెప్పింది. రామకుప్పంలో ఒక గృహప్రవేశానికి వెళ్తే, ముక్కూమొహం తెలియని ఒకావిడ నన్ను పట్టుకుని "ఆకలికి ఆగలేకపోయింది మీ నాయనేనా అమ్మా" అని అడిగింది.

ఆ మాట ఎవరన్నా మా నాయన తల వంచుకునేవాడు. జవాబు చెప్పేవాడు కాదు. అలాగే తల వంచుకునే పోయాడు. నాకు మాత్రం కడుపుమంట చల్లారలేదు. మా నాయన తిండికి కక్కుర్తి పడే మనిషి కాదని ఆడబిడ్డ నోటితోనే అనిపించాలని నా పంతం.

సాక్ష్యం ఒకటి ఉంది. మా పెళ్ళికి రెండు వీడియో క్యాసెట్లు. తాళి కట్టేది ఉన్న మొదటిదాన్ని చుట్టాలంతా అరిగేదాకా చూశారు. భోజనాలున్న రెండోది మాత్రం ఒక్కసారీ ఆడలేదు. దాన్ని చూస్తే పాత పంచాయితీ మళ్ళీ లేస్తుందని మా అత్త బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడాదికోసారి ఆయుధపూజ నాడు బయటికి తీసేది. మిక్సీకి, గ్రైండరుకు, స్కూటరుకు పెట్టినట్టే వీసీఆర్‌కూ క్యాసెట్టుకూ బొట్టు పెట్టి, హారతిచ్చి, మళ్ళీ లోపల పెట్టేది. పోయినేడు ఆమె కాలం చేశాక బీరువా తాళం నా చేతికొచ్చింది. నేను మొదట తీసింది నగలు కాదు, ఆ క్యాసెట్టు.

మూత ఎత్తి చూస్తే లోపల టేపంతా పసుపూ కుంకుమా, వాటి మీద తెల్లటి బూజు. మా అత్త భక్తి సామాన్యమైంది కాదు. మా ఆయన స్క్రూలు విప్పి చక్రం తిప్పుతుంటే, నేను స్పిరిట్‌లో తడిపిన పాత చీర ముక్కతో టేపు తుడిచాను. రెండు రోజులు పట్టింది. పెళ్ళినాడు కూడా మేమిద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చోలేదు.

"ఇది ఒకసారి ఆడితే గొప్ప. రెండోసారికి తెగుతాది" అన్నాడు మా ఆయన. వీసీఆర్ నుంచి వైరు ఒక చిన్న డబ్బాలోకి, డబ్బా నుంచి కంప్యూటర్లోకి. టేపు ఎంతసేపుంటే అంతసేపూ ఆడించాలి. అప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిన బొమ్మను డిస్కు మీదికి దించుకోవచ్చు. డిస్కు చేసి పంపిస్తానని ఆడబిడ్డకు ఫోన్ చేశాను.

"పంపిస్తే యాం లాభం? మీ నాయన తినేది కత్తిరించి పంపిస్తావు. నా ముందర ఎక్కించండి" అంది.

క్యారియర్‌తో, మొగుడితో బస్సు దిగింది. ఆయన పలమనేరులోనే దిగి వెనక్కి పోతానన్నాడట. "మోకాళ్ళు నొస్తాండాయి, నేను యాల?" అని మా గుమ్మంలో కూడా గొణిగాడు. "సాక్షివి గదా, కూసో" అని ఈవిడ ఆయన్ను కుర్చీలో కుదేసింది.

టేపు మొదలైంది. తెర మీద తామరపువ్వు విచ్చుకుంది, అందులోంచి నా మొహం లేచింది. మేకప్ వేసినావిడను ఈనాటికీ క్షమించలేదు. తర్వాత భోజనాల పంక్తి. వీడియో అతను ప్రతి మొహం మీదా లైటు కొడుతుంటే జనం నోట్లో ముద్ద నమలకుండా బిగుసుకుపోతున్నారు. మధ్యమధ్య తెర మీద ఎర్రటి గీతలు, అవి మా అత్త కుంకుమ.

"అదో, ఉండాడు" అని ఆడబిడ్డ లేచి నిలబడింది.

ఉన్నాడు. కొత్త పంచె, భుజాన కండువా, మొదటి పంక్తిలో, ముందర నిండుగా వడ్డించిన ఆకు. ఎంత ఆకలేస్తే మాత్రం ఇదేం పని నాయనా అని లోపల్లోపలే తిట్టుకున్నాను. "నేనేమన్నా అబద్ధం చెప్పినానా?" అంది ఆడబిడ్డ. ఆమె మొహంలో ముప్పై ఏళ్ళ గెలుపు.

"ఉండక్కా, ఆయన చెయ్యి సూడు" అన్నాడు మా ఆయన.

మా నాయన చెయ్యి ఆకు మీద లేదు, ఒళ్ళో ఉంది. ఎవరో లావుపాటాయన దగ్గరికొస్తే, ఇది కాదు, పక్కకు పొమ్మని సైగ చేశాడు. మళ్ళీ మెడ సాచి గేటు వైపు చూశాడు. మా పెళ్ళిళ్ళలో మనిషి లేని ఆకు రెప్పపాటులో ఇంకొకరి పాలవుతుంది. మగపెళ్ళివారి అల్లుడి కోసం చోటు పట్టి, వడ్డింపజేసి, కాపలా కూర్చున్నాడు మా నాయన. కాసేపటికి లేచి, కండువాతో కుర్చీ తుడిచి, పక్కనున్నాయనకు ఆకు అప్పజెప్పి గేటు వైపు వెళ్ళాడు. కెమెరా పంక్తులన్నీ తిరిగి వచ్చేసరికి ఒక్కడే తిరిగొచ్చి ఉన్నాడు. ముట్టని ఆకును మడిచి, రెండు చేతులతో ఎత్తుకుపోయాడు.

ఆడబిడ్డ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "ఆయప్ప నీ కోసరం కూసోనుంటే, నువ్వు యాడుంటివి?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను జవాబు చెప్పలేదు.

"బస్టాండు కాడ. మిలిటరీ హోటల్లో."

"శనివారం?" అంది ఆమె. పిల్లలు కలగడం కోసం ఇద్దరూ శనివారాలు నీసు, మాంసం ముట్టమని అప్పట్లో ఆమె దేవుడికి మొక్కుకుంది.

"పిల్సలేదని నేను యానాడూ అనలే. 'నిన్ను పిల్సలేదా' అని నువ్వే అడిగితివి, నేను ఊ అంటిని. అంతే." కాసేపు మోకాళ్ళు నిమురుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పాడు. "మీ నాయన నన్ను ఎతుక్కుంటా హోటల్‌కే వచ్చినాడమ్మా. నా ముందర తలకాయ కూర ఉండాది. మా ఆడమనిషికి చెప్పబాక మామా అంటి. 'చెప్పనులే అప్పా, నెమ్మదిగా తిని రా' అని నీళ్ళ గ్లాసు నా పక్కకు జరిపి పోయినాడు."

చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, కోపం ఎక్కువగా మా నాయన మీదే. ఒక ప్లేటు తలకాయ కూర కోసం ఇన్నేళ్ళు తల వంచుకోవాలా? మొక్కు చెడినా వాళ్ళకు ఇద్దరు పిల్లలు పుట్టారు. దేవుడు కూడా మా నాయన మాదిరే నోరు మూసుకున్నాడు.

టేపు చివర్లో తెగింది గాని, అప్పటికే అంతా ఎక్కిపోయింది. డిస్కు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆడబిడ్డ లేచి క్యారియర్ తీసుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను. దాన్ని తీసుకుపోయి మొగుడి ఒళ్ళో పెట్టింది.

"ఇది నువ్వు తిను" అంది. తర్వాత నాతో, "నాకు ఆకెయ్యమ్మా" అంది.

పెరట్లో అరటాకు కోసుకొచ్చి టీవీ ముందే వేశాను. అన్నం, పప్పు, చెనక్కాయల పచ్చడి. డిస్కు పెట్టించి మా నాయన కూర్చున్న చోట ఆపమంది. ఆయన ఆకు ముందు ఆయన, ఈవిడ ఆకు ముందు ఈవిడ. "నేను తింటాండా మామా" అని తెరతో చెప్పి ముద్ద కలిపింది. రెండోసారి అడిగి వడ్డించుకుంది.

పప్పులో ఉప్పు తక్కువైందంది. ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ఆకు పక్కన పెట్టాను.