లైసెన్సు మీద నా పేరు

బర్మాలో, లత అనే పేటలో చీరల కొట్టు నడిపే పిన్ని కోసం దీపావళి వీడియో చేసి, దానికి ఆన్‌లైన్‌లో సంగీతం లైసెన్సు తీసుకున్నాను. లైబ్రరీలో నిఘంటువు పట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. షరతులు అక్షరం వదలకుండా చదివాను. అయినా పండగ రెండు రోజులుందనగా సైటువాళ్ళు వీడియోలో ధ్వని ఆపేశారు. పిన్ని ఫోన్ చేసింది.

“ఏటి బాబూ, నా సీరలకి నోరు పడిపోనాదేటి?”

కూర్చోలేక గదంతా తిరిగాను. లైసెన్సు నా గుర్తింపు కార్డులోని బర్మా పేరున ఉంది. వీడియో పెట్టిన నా ఛానల్ ఇంట్లో పిలిచే తెలుగు పేరున ఉంది. ఇద్దరూ నేనేనని రాస్తే, రెండు పేర్లూ ఉన్న కాగితం పంపమన్నారు. ఇక్కడి మా తెలుగువాళ్ళలో అలాంటి కాగితం ఎవరికుంటుంది? చివరికి ఛానల్‌కు బర్మా పేరే పెట్టాను. సాయంత్రానికి సంగీతం తిరిగొచ్చింది, వెనకే పిన్ని ఫోనూ వచ్చింది.

“పాట వొచ్చినాది గానీ, మన వీడియో మీద ఈ బర్మావోడెవుడు బాబూ?”