మంగళవారం గడ్డం

ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలన్నా మా నాన్న ముందు ఒకటే అడిగేవాడు, "హస్తవాసి మంచిదేనా?" అని. చదువు సంగతి అడిగేవాడు కాదు. మామిడిపల్లి దాటి లోపలికి వెళ్తే వచ్చే మా ఊళ్ళో సూదిమందు వేసే ఆయన ఒకరు ఉండేవారు. ఆయన ఏం చదివారో ఎవరికీ తెలియదు గాని, హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు. జ్వరమొచ్చినవాడు ఆయన గుమ్మం ఎక్కితే సగం తగ్గినట్టే అని మా నాన్న నమ్మకం.

ఈ సంగతి జరిగేనాటికి శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చి మూడేళ్ళయింది. మా ఊరి పొలాలు కొన్ని రోడ్ల కింద పోయాయి, కొన్ని అమ్ముడుపోయాయి. నా ఈడువాళ్ళు చాలామంది కార్లు కొనుక్కుని ఎయిర్‌పోర్టు కిరాయిలకు తిప్పుతున్నారు. ఇంటర్ రెండుసార్లు తప్పిన నాకోసం మా నాన్న కూడా ఒక కారు మాట్లాడి పెట్టాడు. నాకేమో కారెక్కితే కడుపులో తిప్పుతుంది. బస్సులో కూడా కిటికీ పక్కన చోటు దొరక్కపోతే తలుపు దగ్గర నిలబడి వెళ్ళేవాణ్ణి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. డ్రైవర్లకు వాంతులు రావని, స్టీరింగ్ చేతికొస్తే అన్నీ సర్దుకుంటాయని మా నాన్న అనేవాడు.

శంషాబాద్ బస్టాండు దగ్గర ఆసుపత్రి పనికి శిక్షణ ఇస్తున్నారని తెలిసి నేను వెళ్ళింది అందుకే. రోగుల మీద ప్రేమ పొంగి కాదు. కింద ఇనుప సామాన్ల కొట్టు, పైన రెండు గదులు. నేర్పే ఆవిడ కేరళ నుంచి ఎప్పుడో వచ్చి, పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. అందరం సిస్టర్ అనేవాళ్ళం. నా టెన్త్ మెమో వైపు ఒకసారి చూసి పక్కన పెట్టి, చేతులు చూపించమన్నారు. గోళ్ళు చూశారు.

"ఇంట్లో ముసలివాళ్ళకు స్నానం చేయించావా ఎప్పుడైనా?"

"లేదు సిస్టర్."

"చేయిస్తావా?"

"నేర్పితే చేయిస్త."

ఆవిడ నా పేరు రాసుకున్నారు. రాసుకుంటూనే చెప్పారు, ఇది డాక్టర్ పని కాదు, నర్సు పని కూడా కాదు, వాళ్ళ పని మొదలయ్యే ముందూ అయిపోయాకా ఉండే పని అని. నేను ఇంటికొచ్చి పేషెంట్ కేర్ అని మాత్రం చెప్పాను. మా నాన్న దాన్ని డాక్టర్ లైన్ అని అర్థం చేసుకున్నాడు. పొద్దుగూకేలోపు హోటల్ దగ్గర, పాల కేంద్రం దగ్గర ఆ మాట పాకిపోయింది. నేను అబద్ధం ఆడలేదు. ఆయన సంబరంగా చెప్పుకుంటుంటే అడ్డం పడలేదు, అంతే. కారు మాట కొన్నాళ్ళు వెనక్కి పోయింది.

క్లాసులో దాదాపు అందరూ ఆడపిల్లలు. మగవాళ్ళం ఇద్దరమే, నేనూ, కుట్టుమిషన్ వదిలేసి వచ్చిన శంషాబాద్ ముస్లిం కుర్రాడూ. మనిషి పడుకుని ఉండగానే కింద దుప్పటి మార్చడం, పక్కకి తిప్పడం, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు తీయడం, అన్నం తినిపించడం నేర్పారు. ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉండేది, దాని కుడిచెయ్యి ఊడి చేతికొచ్చేది. సిస్టర్ అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది. ముట్టుకునే ముందు చెప్పాలి. ఎక్కడ ముట్టుకోబోతున్నామో, ఏం చేయబోతున్నామో చెప్పకుండా మనిషి మీద చెయ్యి వేయకూడదు. ఊడిపోయే చేతి బొమ్మకు కూడా మేము అన్నీ చెప్పే చేసేవాళ్ళం.

గడ్డం గీయడం బెలూన్ల మీద నేర్పారు. బెలూన్ ఊది, దానికి సబ్బు నురగ పూసి, బ్లేడుతో నురగంతా తీసేయాలి. బెలూన్ పగలకూడదు. మొదటి రోజు నావి వరసగా పగిలాయి, ఆడపిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. ముస్లిం కుర్రాడిది ఒక్కటీ పగల్లేదు, దర్జీ చెయ్యి కదా. తర్వాత ఒకరి మీద ఒకరు చేయాల్సి వస్తే వాడు చొక్కా మడిచి మోచెయ్యి నా ముందు పెట్టాడు. "గిది తీస్కో భాయ్. గడ్డం జోలికి మాత్రం రాకు," అన్నాడు. వాడి చేతి మీదే నా చెయ్యి కుదురుకుంది.

మా ఊళ్ళో కత్తి పట్టే ఇల్లు ఒకటే. ఆ ఇంటి పెద్దాయన ఆదివారం పొద్దున మా వాకిట్లోకి వచ్చేవాడు. మా నాన్న పీట మీద కూర్చుని, ఊరి కబుర్లన్నీ చెబుతూ గడ్డం చేయించుకునేవాడు. అయ్యాక నెత్తిన నీళ్ళు పోసుకునేదాకా ఇంట్లోకి వచ్చేవాడు కాదు, ఎవరినీ ముట్టుకునేవాడు కాదు. ఇక మంగళవారమైతే మా ఇళ్ళలో కత్తి మాటే ఎత్తరు. బట్టలుతకడం ఒక ఇంటిది, గడ్డం ఒక ఇంటిది, చచ్చినవాళ్ళ దగ్గర పని మరో ఇంటిది. ఊళ్ళో ఇన్ని ఇళ్ళకు పంచిన పనులన్నీ ఈ కోర్సులో ఒక్కడి చేతిలోనే పెట్టారు. సేద్యం చేసే ఇంటి కొడుకు ఇవన్నీ చేస్తున్నాడని తెలిస్తే మా నాన్న ఆ రోజే మానిపించి కారు తాళం చేతిలో పెడతాడు. నాకు ఆ భయం ఒక్కటే ఉండేది.

క్లాసులయ్యాక రెండు నెలలు ఆసుపత్రిలో చేయాలి. అది పూర్తయితేనే సర్టిఫికెట్, మధ్యలో మానేస్తే చేరనట్టే. మమ్మల్ని బుద్వేల్ వైపు ఒక ఆసుపత్రికి పంపారు. నేను అక్కడున్నానని తెలిసిన దగ్గర్నుంచి మా ఊరివాళ్ళు దగ్గుకీ నడుంనొప్పికీ వెతుక్కుంటూ వచ్చేవారు. చీటీ ఎక్కడ రాయించుకోవాలో చూపించడం తప్ప నేను చేయగలిగింది లేదు. అయినా నా వల్లే పనయిందని ఊళ్ళో చెప్పుకునేవారు.

అట్లాగే మా పెద్దబాపును తీసుకుని మా నాన్న వచ్చాడు. పెద్దబాపు మా నాన్నకు అన్న. మా నాన్న చిన్నతనంలోనే తాత పోతే, తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. ఆయన ఎదురుగా మా నాన్న కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. ఆయనకు చాలాకాలంగా గజ్జల్లో వాపు ఉంది. హెర్నియా అన్నారు, ఇక ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆపరేషన్ బుధవారం పొద్దున. మంగళవారం మధ్యాహ్నం వార్డులో చేర్చారు. మా నాన్న పక్క మంచాల వాళ్ళకు కూడా వినపడేటట్టు, "ఏం పరేషాన్ గాకు అన్నా, మనోడు ఉన్నడు గద," అన్నాడు.

ఆ పూట మగవాళ్ళ వార్డులో నేనొక్కణ్ణే. కుట్టుమిషన్ కుర్రాడిని పై అంతస్తుకు వేశారు. స్టాఫ్ నర్సు వచ్చి, "రేపటి ఆపరేషన్‌కి షేవింగ్ చేసెయ్యి బాబూ, సాయంత్రంలోపు అయిపోవాలి," అని మంచం నంబరు చెప్పింది. అది పెద్దబాపు మంచమే. గిన్నెలో వేడినీళ్ళు, సబ్బు, కొత్త బ్లేడు ట్రేలో పెట్టుకుని వెళ్ళి, మంచం చుట్టూ తెర లాగాను. నాన్న నా తెల్లకోటు చూసి మురిసిపోతున్నాడు. పెద్దబాపు ట్రే చూశాడు.

"ఏందిరా అది?"

"బ్లేడు పెద్దబాపు. ఆపరేషన్ చేసే కాడ వెంట్రుకలు తియ్యాలె."

"ఎవరు తీస్తరు?"

"నేనే."

ఆయన నన్ను వదిలేసి, మా నాన్న వైపు తిరిగాడు. "డాక్టర్ లైన్ అంటివి గద," అన్నాడు. "ఇయ్యాల ఏం వారం? మంగళారం నాడు నా ఒంటికి కత్తి తాకిందా ఎన్నడన్న? అండ్ల తమ్ముని కొడుకుతోని. పో, మంగలాయన్ని ఎవరినన్న పిల్సుకరా."

నాన్న నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. చాలాసేపటికి చెమటలు కక్కుతూ ఒంటరిగా తిరిగొచ్చాడు. ఆరాంఘర్ దాకా ఒక్క షాపు తెరిచి లేదట. మంగళవారం పట్నంలో కటింగ్ షాపులకు సెలవని ఆయనకు తెలియదు. ఆ వారం ఆ షాపుల వైపు చూసే అవసరం ఆయనకు జన్మలో రాలేదు మరి.

పెద్దబాపు తువ్వాల భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. స్టాఫ్ నర్సు తెర పక్కకు జరిపి, చేయించుకోకపోతే రేపు పేరు తీసేస్తారని, మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తాను చెప్పలేనని అంది. "తీసెయ్యమను," అన్నాడు పెద్దబాపు. ఆ మనిషి ఒకసారి ఇంటికి పోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కడని నాకూ నాన్నకూ తెలుసు. గిన్నెలో నీళ్ళు చల్లారిపోతున్నాయి. నాకు సిగ్గుగా అనిపించింది, చేతిలో ఉన్న ట్రేకు కాదు, ఇంతమందిలో మా నాన్న తలవంచుకుని నిలబడినందుకు. నా చదువు ఇక్కడితో సరి అని కూడా తెలిసిపోయింది.

"గిదేనా మీకు నేర్పేది?" అని అడిగాడు నాన్న.

"గిది గూడ నేర్పుతరు బాపు."

"ఇంకేం నేర్పుతరు?"

ఎట్లాగూ దాచేది లేదనుకుని అన్నీ చెప్పాను. దుప్పట్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, మలం ఎత్తడం, ప్రాణం పోయినవాళ్ళను కడిగి గుడ్డ చుట్టడం. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

విన్నాక మూలనున్న స్టూలు లాక్కొచ్చి అన్న మంచానికి ఎదురుగా వేసి కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల తీసి గుండెల మీద పరుచుకున్నాడు.

"ముందుగాల నాకు గియ్యి," అన్నాడు.

"బాపు, ఇయ్యాల మంగళారం."

"తెలుసు. గియ్యి."

నేను వెళ్ళి నీళ్ళు మార్చుకుని, ఇంకో కొత్త బ్లేడు తెచ్చాను. సిస్టర్ చెప్పిన మాట చేతుల్లో పాతుకుపోయి ఉండాలి, ముట్టుకునే ముందు నోరు దానంతట అదే తెరుచుకుంది. "బాపు, సబ్బు పూస్తున్న. ఇప్పుడు ఎడమ చెంప పడుతున్న. గదుమ జర పైకెత్తు. మెడకాడికి వస్తున్న, మింగకు." మా ఇంట్లో తండ్రీ కొడుకులు మాట్లాడుకునేది తక్కువ. తిన్నవా, ఎప్పుడు వచ్చినవ్, అంతే. ఆ కాసేపట్లో నేను ఆయనతో మాట్లాడినంత ఏడాది మొత్తంలో మాట్లాడి ఉండను. పీట మీద ఊరి కబుర్లు చెప్పే మనిషి నా చేతి కింద కళ్ళు మూసుకుని, చెప్పినట్టు తల తిప్పాడు. గదుమ కింద పాత గాటు ఒకటి ఉంది. పుట్టినప్పటినుంచి చూస్తున్న ముఖమే, ఆ గాటు మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడ బ్లేడు పెట్టాలంటే నాకు ఏడుపొచ్చింది. ఆపుకుని, "గాటుకాడ మెల్లగ తీస్తున్న," అని చెప్పి తీశాను.

పెద్దబాపు చెప్పులు వేసుకుని అట్లాగే నిలబడి చూస్తున్నాడు.

అయిపోయాక నాన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. లేచి, స్నానం లేకుండా ఆ ఒంటితోనే అన్న రెండు భుజాలూ పట్టుకున్నాడు. "అన్నా, పండుకో," అన్నాడు. పెద్దబాపు ఆ చేతుల వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి మంచం మీద పడుకున్నాడు. నాన్న తెర బయటికి వెళ్ళి నిలబడ్డాడు. నేను ఒక్కొక్కటీ చెప్పి చేశాను, పెద్దబాపు పైన ఫ్యాను చూస్తూ ఊఁ కొట్టాడు. ఆయన నన్ను చూడలేదు, నేను ఆయన ముఖం చూడలేదు. అయిపోయాక, "అయిందా? మంట లేదురా," అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నేను రెండు నెలలూ పూర్తి చేశాను. కారు ఏమైందో నేను అడగలేదు, అది మా వాకిట్లోకి మాత్రం రాలేదు.

ఆపరేషన్ అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. మంగలి పెద్దాయన ఎప్పటిలాగే వచ్చి, మా నాన్నను పీట మీద కూర్చోబెట్టి, గదుమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నడుమల ఎవరో చెయ్యి పెట్టిండ్రు పటేలా. గీ చెవు కింద రెండు పోసలు ఇడిశిపెట్టిండు."

"మావోడు గీసిండు, దవాఖానల," అన్నాడు నాన్న.

"డాక్టర్ లైన్ అంటిరి గద?"

నేను గుమ్మంలో ఆగిపోయాను. మా నాన్న నేనున్న వైపు తిరగలేదు. చెవి కింద మిగిలిన వెంట్రుకలను వేలితో తడుముకుని, "పోసలదేముంది," అన్నాడు. "హస్తవాసి మంచిది."