చెరకు కట్టల వెనక నా వినయం

వినయంగా ఉందామని నేను జీవితంలో ఒకే ఒక్కసారి ప్రయత్నించాను. ఆ దెబ్బ నుంచి ఐరాల చుట్టుపక్కల చర్చి సంఘాలన్నీ ఇంకా కోలుకోలేదు. గుండె నిబ్బరం లేనివాళ్లు ఇక్కడితో ఆపేసి టీ తాగి రావచ్చు.

బడిలో తెలుగు మాస్టరుని, ఆదివారం మా చర్చి సండే స్కూల్లో పెద్దపిల్లలకు బోధకుణ్ణి. కథలో వ్యంగ్యాన్ని పట్టుకోవడం నేర్పాలంటే చిత్తూరు మొదలు తిరుపతి దాకా నన్ను మించినవాడు లేడు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియకపోవడం నా దురదృష్టం. ఒక ఆదివారం యేసు ప్రభువు చెప్పిన విందు కథ ఎత్తుకున్నాను. ముందు వరసకు ఎగబడినవాణ్ణి వెనక్కి పంపుతారు, వెనక కూర్చున్నవాణ్ణి పైకి పిలుస్తారు. ఎవరు దేనికోసం పాకులాడారో దానికి సరిగ్గా తలకిందులుగా జరగడమే ఇందులో వ్యంగ్యమని వివరించాను.

పిల్లలంతా ఆవలించారు. సుగుణ అనే పిల్ల మాత్రం, "నిజంగా అట్ల జరగతాదా సార్?" అనింది.

అక్కడే నాకు దుర్బుద్ధి పుట్టింది. వచ్చే ఆదివారం కోతపండగ, పండిందాంట్లో కొంత చర్చికి కానుకగా తెచ్చి వేలం వేసే రోజు. సండే స్కూలు కొత్త సూపరింటెండెంటు ఎవరన్నది పాస్టరయ్య ఆ రోజే ప్రకటిస్తాడు. ఆ పదవి కోసం నేను చొక్కాను ఇస్త్రీ చేయించినన్నిసార్లు పెళ్లిచూపులకు కూడా చేయించలేదు. పోటీకి ఉన్నది లెక్కల మాస్టరు దేవదానం ఒక్కడే. నోట్లో నాలుక లేని మనిషి.

"కళ్లారా సూపిస్తా సూడండి" అన్నాను పిల్లలతో. "నేను అందరికన్నా వెనక కూర్చుంటా. పాస్టరయ్య నన్ను ఎతికి పైకి పిలుస్తాడు. నేను యాడుండానో ఎవురడిగినా సెప్పొద్దు. సెప్తే పాఠం సెడిపోతాది."

పండగ రోజు అందరికన్నా ముందు వెళ్లి అందరికన్నా వెనక కుర్చీ పట్టుకున్నాను. జనం కానుకలు తెచ్చి నా ముందే పేర్చడం మొదలుపెట్టారు. గుమ్మడికాయలు పడ్డాయి. వాటి మీద చెరకు కట్టలు లేచాయి. ఎవరో మహానుభావుడు నా కుర్చీ కాలికి కోడిపుంజును కట్టేశాడు. ఆరాధన మొదలయ్యేసరికి నేను పైకప్పు మీది బల్లికి తప్ప ఎవరికీ కనిపించడం లేదు. ఆలస్యంగా వచ్చిన దేవదానం వెనకంతా తచ్చాడి, చివరికి పోయి ముందు వరసలో కూర్చున్నాడు. పాపం, కథలోలాగా వెనక్కి పోవాల్సినవాడు దొరికాడనుకున్నాను.

"మన తెలుగు సారు యాడ?" అన్నాడు పాస్టరయ్య మైకులో.

నేను తల ఇంకాస్త వంచాను. వినయానికి లోటు రాకూడదు కదా.

ఆయన పిల్లల వైపు తిరిగి, మీ సారు వచ్చినాడా అని అడిగాడు. తెలియదన్నారు. పొద్దున చూశారా అన్నాడు. చూడలేదన్నారు. ఫోనన్నా చేసినాడా అన్నాడు.

"మాకేం తెల్దయ్యా" అనింది సుగుణ.

నా కాళ్ల దగ్గర కోడి కూసింది.

శిష్యుడు ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకగానే కోడి కూసిన కథ బైబిలులో చదివినవాడెవడైనా ఆ క్షణమే లేచి నిలబడేవాడు. నేను మాత్రం, ఆహా, ఎంత మాట వినే పిల్లలు అని మురిసిపోతున్నాను.

"పండగ పూట కూడా రానోడికి పిల్లకాయల్ని ఎట్లప్పా అప్పజెప్పేది" అంటూ పాస్టరయ్య ఎదురుగా ఉన్న దేవదానాన్ని పైకి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. చప్పట్లు మోగాయి.

నేను ఎగిరి లేచాను. నాతోపాటు కుర్చీ, కుర్చీతోపాటు కోడి లేచాయి. చెరకు కట్టలు కొండచరియల్లా కూలాయి. సంఘమంతా వెనక్కి తిరిగింది. కానుకల వేలంపాట నడిపే పెద్దాయన మాత్రం నింపాదిగా, "కూర్చో సార్, కోడి పాట ఇంకా రాలేదు" అన్నాడు.

భోజనాల దగ్గర దేవదానం బిక్కమొహంతో నా పక్కకు వచ్చాడు. "నాకు ముందర కూర్చోవాలంటే వణుకన్నా. ఎప్పుడూ ఆ కడాకుండే ఎనక కుర్చీలోనే కదా నేనుండేది. ఈ పొద్దు దాంట్లో మీరు కూర్చుంటిరి. యాడా సోటు లేక ఆడికి పోతిని."

అది చాలదన్నట్టు సుగుణ వెలిగే మొహంతో వచ్చి, "పాఠం బాగా అర్థమయింది సార్" అనింది. "ఎప్పుడూ వెనక కూర్చునే దేవదానం సార్ని నిజంగానే పైకి పిల్సినారు."

కనుక సంఘ పెద్దలారా, సహోదరులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వినయం పాటించాల్సి వస్తే స్టేజీ ముందర, ట్యూబులైటు కింద, ఫోటో తీసేవాణ్ణి పక్కన పెట్టుకునే పాటిస్తాను. ఎవరూ చూడని చోట వినయంగా ఉండే తప్పు బతికినన్నాళ్లూ మళ్లీ చేయను.