మోకాలు దాటి చూపించలేదు

ఆ రోజు ఖమ్మంలో మా హాస్టల్ పక్కన గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీసు చేసి వచ్చి మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు మలుపు దగ్గర కుడి మోకాలి లోపల ఎవరో సూది గుచ్చి తిప్పినట్టయింది. గోడ పట్టుకుని ఆగిపోయాను. వెనకాలే వస్తున్న నా రూమ్మేట్ భవాని కిసుక్కున నవ్వింది.

"ఏంటే సరితా, అప్పుడే ముసలిదానివైపోయావా?"

భవానిది సత్తుపల్లి దగ్గర, పామాయిల్ తోటలున్న ఇల్లు. నాది టేకులపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే గూడెం. మేం కోయవాళ్లం. డిగ్రీ చదువుతూ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి తయారవుతున్నాను. దానికి రాతపరీక్షతో పాటు నడక పరీక్ష కూడా ఉంటుంది. నడక నాకో లెక్కా! చిన్నప్పటి నుంచి అమ్మ వెంట తునికాకుకు, ఇప్పపువ్వుకు తిరిగిన కాళ్లు ఇవి. అందుకే ఆ నొప్పికి భయం వేయలేదు, ఒళ్లు మండింది.

తగ్గుతుందని చూశాను, తగ్గలేదు. ఇంటికి పోయినప్పుడు ఆర్‌ఎంపీ డాక్టరుకు చూపించాను. ఆయన మోకాలి చిప్ప మీద రెండుసార్లు తట్టాడు.

"కాల్షియం తక్కువున్నది బిడ్డా. గిదేం పెద్ద బీమారి కాదు."

ఒక ఇంజెక్షన్ చేసి, పొట్లంలో తెల్ల గోలీలు కట్టిచ్చాడు. అవి మింగినన్ని రోజులు గుర్రంలా ఉన్నాను. ఆపగానే నొప్పి మళ్లీ మొదలైంది. ఇవేం గోలీలని అడిగాను. "మంచి గోలీలే. పేరు దెల్సుకొని నువ్వేం జేస్తవ్?" అన్నాడు. అంతే, నా మనసు విరిగిపోయింది. పేరు చెప్పని మందు నేను మింగనన్నాను. ఆయనేం నొచ్చుకోలేదు. ఖమ్మంలో తనకు తెలిసిన ఎముకల డాక్టర్ ఉన్నాడని, వెళ్లి తన పేరు చెప్పమని అన్నాడు.

ఈ మాట భవానికి చెబితే కళ్లు పెద్దవి చేసింది. "పేరు చెప్పమన్నాడంటే మధ్యలో కమీషన్ ఉన్నట్టే. జాగ్రత్తమ్మోయ్, నెత్తిన టోపీ పెడతారు."

ఆ మాట నా చెవిలో పడ్డాక, అమ్మను తోడు తీసుకుని ఆ ఎముకల డాక్టర్ దగ్గరికి పోతే, ఆ ఆస్పత్రిలో ఏం చూసినా అనుమానమే. డాక్టర్ ముఖం చూడకముందే ఎక్స్‌రే ఎందుకు తీస్తున్నారు? అమ్మను బయటే కూర్చోమని నన్నొక్కదాన్నే లోపలికి ఎందుకు పిలుస్తున్నారు? నేను పంజాబీ డ్రెస్ ప్యాంటు మోకాలి దాకా మడిచి కూర్చున్నాను. డాక్టర్ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, "మోకాలు నార్మల్" అన్నాడు. తర్వాత చీటీ మీంచి తల ఎత్తకుండా అడిగాడు.

"ఏ ఊరు?"

చెప్పాను.

"కోయవాళ్లా?"

నా ముఖం భగ్గుమంది. ఆ ప్రశ్న కాలేజీలో, బస్సుల్లో, కిరాయి గదుల దగ్గర చాలాసార్లు విన్నాను. దాని వెనక ఏ మాట వస్తుందో నాకు తెలుసు.

"అవ్. అయితే ఏంది?" అన్నాను.

ఆయన పెన్ను పక్కన పెట్టి లేచాడు. "పడుకో" అన్నాడు. పడుకున్నాను. ఒక చెయ్యి మోకాలి పైన తొడ మీద, ఇంకో చెయ్యి మడమ దగ్గర వేసి, కాలు పైకి మడిచి, తొడ లోపలికి తిరిగేలా తిప్పాడు. కర్టెన్ తెరిచే ఉంది. గజ్జల్లో కలుక్కుమని ప్రాణం పోయినంత పనైంది. ఆయన మళ్లీ తిప్పబోయాడు. చెయ్యి తోసేసి లేచి కూర్చున్నాను.

"మోకాలు నొప్పంటే తొడ తిప్పుతరేంది సార్?"

"చెక్ చేస్తున్నా కదమ్మా! ఎమ్మారై తీయాలి, బ్లడ్ టెస్టులు కూడా రాస్తున్నా" అని, నర్సు వైపు తిరిగి "నెక్స్ట్" అన్నాడు.

ఎక్స్‌రే బాగుందని ఆయన నోటితోనే చెప్పి మళ్లీ పెద్ద టెస్టులా? మోకాలికీ రక్తానికీ ఏం సంబంధం? కులం ఎందుకు అడిగినట్టు? చెయ్యి అక్కడెందుకు వేసినట్టు? చీటీ బల్ల మీదే వదిలేసి బయటికొచ్చి మా భాషలో అమ్మకు చెప్పాను. అమ్మ మాత్రం అందరికీ అర్థం కావాలని తెలుగులోనే తిట్టింది. "వానికి పుట్టగతులుండవు! పా బిడ్డా, మనకీ దవాఖానా వద్దు."

ఆ తర్వాత డాక్టర్ల మొహం చూడలేదు. మెడికల్ షాపులో మోకాలికి తొడిగే పట్టీ కొన్నాను. ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఎక్సర్‌సైజులు చేశాను. సెలవులకు పోతే మా మామ ఆకుపసరు నూరి కట్టు కట్టాడు. ఆయన కూడా మోకాలికే కట్టాడు, నేను అక్కడే చూపించాను మరి. చల్లగా హాయిగా ఉండేది, లేచి నిలబడితే మళ్లీ అదే పోటు. పరీక్షలున్నాయని సాకు చెప్పి గ్రౌండ్‌కు పోవడం మానేశాను. కింద కూర్చుని అన్నం తినడం చేతకావడం లేదు. కుడి తొడ ఎడమ తొడ కంటే సన్నబడింది. ఇక ఆ ఉద్యోగం రాదేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది.

ఎండాకాలంలో తునికాకు కోతకు పోయి వాగు గట్టు దిగుతూ కూలబడ్డాను. అమ్మ మోపు దించి నా కాలు పట్టుకుని ఏడ్చింది. ఆ సంగతి తెలిసి భవాని ఫోన్ చేసింది. ఖమ్మంలో సర్కారు దవాఖానాలో ఎముకల విభాగంలో ఒక లేడీ డాక్టర్ ఉందని, రేపే రమ్మని.

"నీకేం కమీషనొస్తదే?" అన్నాను.

"వస్తది. నిన్ను మెట్ల మీద మోసే బాధ తప్పుతుంది. మూసుకుని రా!"

వెళ్లాం. ఎంత లైనో చెప్పలేను. నా వంతు వచ్చేసరికి మేడం ముఖం అలసిపోయి ఉంది. ఈమెకూ నా మీద శ్రద్ధ ఉండదని అప్పుడే తేల్చేసుకున్నాను. కానీ ఆమె ముందు నా మాటంతా విన్నది.

"ఫస్ట్ మోకాలు చూస్తాను. తర్వాత తుంటి కూడా తిప్పి చూస్తాను. తుంటిలో జబ్బుంటే నొప్పి మోకాల్లో తెలుస్తుంది, అందుకని. మీ అమ్మను లోపలికి రమ్మను. సిస్టర్ కూడా పక్కనే ఉంటుంది. నొప్పయితే ఆపమని చెప్పు, ఆపేస్తా."

సిస్టర్ కర్టెన్ లాగింది. మేడం కాలు మడిచి లోపలికి తిప్పింది. అదే తిప్పడం! గజ్జల్లో అదే కలుక్కు. నొప్పి కంటే ముందు ఆ పాత డాక్టర్ చెయ్యి గుర్తొచ్చి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"మీరు కోయవాళ్లా?" అని అడిగింది మేడం.

ఈసారి ఊరుకోలేదు. "ఎందుకడుగుతున్నరు మేడం?"

"అడగాలమ్మా. సికిల్ సెల్ అని రక్తం జబ్బొకటి ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి వస్తుంది. అడవి ఊళ్లలో కొన్ని కుటుంబాల్లో చూస్తున్నాం. అది తుంటి ఎముకకు రక్తం అందకుండా చేస్తుంది. చిన్నప్పుడు కళ్లు పచ్చబడేవా? ఒళ్లంతా నొప్పులొచ్చేవా?"

అమ్మ ముఖం పాలిపోయింది. "వానలు వడ్డప్పుడల్లా వొచ్చేటియి మేడం. గాలి సోకిందనుకొని తాయెత్తు కట్టిచ్చినం."

ఎమ్మారైలో ఏవీఎన్ అని వచ్చింది. తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతోందట. రక్తపరీక్షలో సికిల్ సెల్ డిసీజ్ అని తేలింది. మా అయ్య మాత్రం "మా ఇంట్ల గసుంటి రోగం లేదు" అని తగువుకు దిగాడు. ఆయనకూ అమ్మకూ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ సగం సగం ఉంది. ఆ సగాల వల్ల వాళ్లకు ఏ బాధా తెలియలేదు. రెండూ కలిసి నాకొచ్చాయి.

"బంతి ఇంకా కుంగలేదు. కుంగితే తుంటి మార్చాల్సి వస్తుంది. ఇప్పుడే కోర్ డీకంప్రెషన్ చేస్తే బంతి నిలబడొచ్చు" అంది మేడం. ఎముకలోకి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ అది. నాకు మళ్లీ అనుమానం. ఇంకో డాక్టర్‌ను అడిగి వస్తానంటే కోప్పడుతుందనుకున్నాను. "తప్పకుండా అడుగు, కానీ ఆలస్యం చేయకు" అని ఎమ్మారై సీడీ నా చేతిలో పెట్టింది. ఆ రెండో డాక్టరూ అదే మాట అన్నాడు.

హైదరాబాద్‌లో సర్కారు దవాఖానాలో ఆపరేషన్ అయింది. ముందు రక్తం ఎక్కించారు. తర్వాత జ్వరం వచ్చి, కాళ్లూ చేతులూ ఛాతీ ఒక్కటే నొప్పి. "క్రైసిస్ వచ్చింది, ఫ్లూయిడ్స్ పెంచండి" అని డాక్టర్లు పరుగెత్తారు. సికిల్ సెల్ నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడితే క్రైసిస్ అంటారట. నేను పోతానేమోనని అమ్మ మా ఇలవేల్పుకు మొక్కుకుంది. అంత నొప్పిలోనూ నేను సెలైన్ సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ చూపించమని నర్సును పీడించాను. ఆమె విసుక్కుంటూనే ప్రతి సీసా తిప్పి చూపించింది.

వాకర్ నుంచి చేతికర్రకు, చేతికర్ర నుంచి సొంత కాళ్లకు వచ్చాను. ఖమ్మంలో చివరి చెకప్‌లో మేడంను అడిగాను, మోకాలు నొప్పి మొదలైన కొత్తలోనే ఇది పట్టుకుని ఉంటే నా నడక పరీక్ష నాకు దక్కేదా అని. ఆమె పాత ఎమ్మారై మళ్లీ తీసి చూసింది.

"దక్కేదేమో. ఖాయంగా చెప్పలేను. ఇప్పుడైతే పరుగు, దూరం నడక, బరువులు వద్దు."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు డిగ్రీ అయిపోయింది. ఆఫీసు ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నాను. సికిల్ సెల్‌కు రోజూ హైడ్రాక్సీయూరియా గోలీ మింగుతాను, నీళ్లు బాగా తాగుతాను. వాన మొదలైతే స్వెట్టర్ వేసుకుంటాను. చెల్లెలికి కూడా పరీక్ష చేయించాం, సగమే ఉంది. పెళ్లికి ముందు అబ్బాయికి కూడా ఆ రక్తపరీక్ష చేయించమని దానికి ఇప్పటి నుంచే చెబుతున్నాను, అది సిగ్గుపడుతోంది.

ఆ మొదటి డాక్టర్ మీద నా కోపం పోలేదు. ఆయన చేసిన పరీక్ష సరైనదే, అడిగిన ప్రశ్న సరైనదే, రాయబోయిన టెస్టులు కూడా సరైనవే. కానీ ఎందుకో ఒక్క మాట చెప్పలేదు. తెలియని మగమనిషి కర్టెన్ వేయకుండా తొడ మీద చెయ్యి వేస్తే ఏ ఆడపిల్లైనా లేచి వస్తుంది. నేను అనుమానపడింది తప్పని ఈ రోజుకూ ఒప్పుకోను. ఆయనకు నష్టమేం లేదు, నా వెనకాలే ఇంకో పేషెంటు లోపలికి పోయాడు. కుంటుకుంటూ ఇంటికొచ్చింది నేను.

అందుకే ఇది చదివే చెల్లెళ్లకు ఒక మాట. మోకాలు నొప్పని వెళ్లి మోకాలి ఎక్స్‌రే బాగుందంటే, తుంటి కూడా చూడమని అడగండి. మీ మీద చెయ్యి వేసేముందు ఎందుకని అడగండి, అమ్మనో సిస్టర్‌నో పక్కన ఉంచమనండి. చెప్పకపోతే ఇంకోసారి అడగండి. అక్కడ మనసొప్పకపోతే ఆ రోజే ఇంకో డాక్టర్ దగ్గరికి పొండి. నాలాగా ఇంటికి మాత్రం పోకండి.