వంద రెట్ల ఫ్లెక్సీ

2023 వానాకాలం. గన్నవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, అక్కడి బ్యాటరీ ల్యాబ్ కూడా చూసుకుంటున్నాను. ల్యాబ్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఏసీ, ఒక వాక్యూమ్ ఓవెన్, గ్లవ్ బాక్స్ అనే గాజు పెట్టె. తేమ చొరబడకుండా ఆ పెట్టెలో గాలికి బదులు ఆర్గాన్ గ్యాస్ నింపాలి. మా పెట్టెలో ఆర్గాన్ తప్ప అన్నీ ఉండేవి, బల్లితో సహా. సిలిండర్ కావాలని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్వర్ణది పామర్రు. ఆ ఏడాది చివరికి ఆమె గడువు అయిపోతుంది, ఇక పొడిగించరు. ఈలోపు థీసిస్‌లో పెట్టుకోదగ్గ ఫలితం రాకపోతే ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఆమె పని ఇదీ. ఫోన్లలో వాడే లిథియం బ్యాటరీల్లో ఎలక్ట్రోలైట్ ద్రవంగా ఉంటుంది, దానికి మంట అంటుకునే గుణం ఉంది. దాని బదులు పల్చటి పాలిమర్ పొర పెడితే ప్రమాదం తగ్గుతుంది. కానీ ఆ పాలిమర్ గొలుసులు మామూలు గది వేడిలో బిగుసుకుపోయి లిథియం అయాన్లను కదలనివ్వవు, కండక్టివిటీ పడిపోతుంది. అందుకని మెత్తటి సిలికా పొడి కలుపుతాం. దాన్నే ఫిల్లర్ అంటాం. అది మధ్యలో దూరి గొలుసులను వదులుగా ఉంచుతుంది. అదీ కొంతవరకే. మోతాదు మించితే పొడి గడ్డలు కట్టి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఒక రోజు స్వర్ణ గ్రాఫ్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మేడం, కండక్టివిటీ వంద రెట్లు పెరిగిందండీ! ఫిల్లర్ పెంచేకొద్దీ పెరుగుతూనే ఉంది."

సంతోషించాల్సింది పోయి నా గుండెలో రాయి పడింది. ఎంత పొడి కలిపినా ఆ గీత కిందికి దిగడం లేదు.

"ఎండబెట్టావా?" అన్నాను.

"ఓవెన్లో పెట్టానండీ. కానీ కొలిచేది బయటే కదండీ. గ్లవ్ బాక్స్‌లో ఆర్గాన్ లేదుగా."

బయట కుండపోతగా వాన.

"మళ్లీ చెయ్యి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

స్వర్ణ తల దించుకుంది. "డైరెక్టర్ గారు కారిడార్లో ఎదురై అడిగితే చెప్పేశానండీ."

ఇక చూసుకోండి. సిలిండర్‌కు కదలని కాలేజీ ఫ్లెక్సీకి మాత్రం రెక్కలు కట్టుకుని కదిలింది. ఆ వారమే బెంజ్ సర్కిల్‌లో 'వంద రెట్ల బ్యాటరీ' వెలిసింది. అందులో డైరెక్టర్ గారి ముఖం బస్సు చక్రమంత, స్వర్ణది పళ్లెమంత, నాది స్టాంపంత. అటుగా ఆటోలో వెళ్లిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోయేది.

ఈసారి పొర ఎండగానే ఓవెన్లోనే ఒక డబ్బాలో పెట్టి, గాలి తగలకుండా మూత బిగించి, చల్లారాక కొలిచాం. నంబరు పాతాళానికి పడిపోయింది. నేను వెళ్లి డైరెక్టర్ గారిని తీసుకొచ్చి, ఆయన ముందే డబ్బా మూత తీశాను. మీటర్ తెర మీద నంబరు మెల్లగా పైకి ఎక్కసాగింది.

"ఓహో! పెరుగుతోంది, చూశారా మేడం!" అన్నారాయన, చప్పట్లు కొట్టినంత పనిచేసి.

"సార్, అది తేమండీ. గాల్లో ఉన్న నీటిని లిథియం ఉప్పూ, ఈ పొడీ పీల్చుకుంటున్నాయి. పొడి ఎక్కువైతే నీరు కూడా ఎక్కువ పడుతుంది. దీంతో బ్యాటరీ కడితే నీరు తగిలి లిథియం పాడవుతుంది, గ్యాస్ పుట్టి సెల్ ఉబ్బుతుంది."

"కానీ నంబరు వచ్చిన మాట నిజమే కదండీ?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఫ్లెక్సీ కూడా వేసేశాం. ఈసారికి దాంతోనే కానిచ్చేద్దురూ. అమ్మాయి గడువుకీ కలిసొస్తుంది," అన్నారాయన.

ఆ మాటకు నేను జవాబు చెప్పేలోపే స్వర్ణ అందుకుంది.

"మా నాన్న ధాన్యం తడిగా ఉన్నప్పుడు కాటా వేస్తే బరువు ఎక్కువే తూగుద్ది సార్. దాన్ని దిగుబడి అనుకోం కదండీ. నాకు ఆ నంబరు వద్దు. సిలిండర్ ఇప్పించండి, చాలు."

గడువు దగ్గర పడిన పిల్ల ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ఆ నిమిషంలో ఆమెను చూసి గర్వపడ్డాను. ఇంతకాలం నేను అడిగితే రాని సిలిండర్ మర్నాడే వచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

స్వర్ణ ఆర్గాన్‌లో అన్నీ మొదటి నుంచి చేసింది. గీత కాస్త పెరిగి, ఫిల్లర్ మోతాదు మించగానే బుద్ధిగా కిందికి దిగింది. ఆ దిగుడు చూసి ఇద్దరం పండగ చేసుకున్నాం. గడువులోపు థీసిస్ ఇచ్చేసింది. డాక్టరేట్ వచ్చిన రోజు స్వీట్లు పట్టుకుని డైరెక్టర్ గారి గదికి వెళ్లాం.

"చివరికి ఎన్ని రెట్లమ్మా?"

"మూడండీ."

"మూడేనా?" ఆయన ముఖం చిన్నబోయింది. "ఫ్లెక్సీకి సరిపోదే!"

"సరిపోకపోతేనే మంచిదండీ," అంది స్వర్ణ, ఆయన చేతిలో పూతరేకు పెడుతూ.

ఆ వానాకాలం తర్వాత చెడ్డ రీడింగ్ నన్ను భయపెట్టడం మానేసింది, మంచి రీడింగే భయపెడుతోంది. ఎవరైనా ముఖం వెలిగిపోతూ నా గదిలోకి వస్తే, గ్రాఫ్ చూడకముందే "ఎండబెట్టావా?" అంటాను. వెనక్కి తిరిగి నన్ను తిట్టుకుంటూ ఓవెన్ దగ్గరికి వెళ్తారు. తిట్టుకోనీయండి. వాళ్లలో ఎక్కువమందిని ఇప్పుడు తిప్పి పంపేది నేను కాదు, పక్క గదిలో కూర్చునే డాక్టర్ స్వర్ణ.