పిండితో చేసిన బాపమ్మ

పసుపు కలిపిన పిండిలో చిటికెడు సున్నం వేసి పిసికితే ముద్ద ఎర్రబడుతుంది. దిష్టి నీళ్ళు కలిపే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు. మూడు నాలుగేళ్ళ పిల్లలకు మాత్రం అది ఎప్పుడూ కొత్తే. మా బాలవాడిలో ముద్ద రంగు మారిన ప్రతిసారీ పిల్లలంతా ఒక్కసారిగా అరిచేవాళ్ళు. వాళ్ళ అరుపు విని, అక్కడ నాకు తోడుగా పనిచేసే ఆయమ్మ నవ్వేది. నవ్వితే ఆమె పళ్ళన్నీ కనిపించేవి. వేపపుల్లతో తోమి తోమి తెల్లగా పెట్టుకున్న గట్టి పళ్ళు. బస్తా కుట్టు తెంపాలన్నా, పిల్లలకు పల్లికాయ ఒలిచి పెట్టాలన్నా ఆమెకు పళ్ళే కత్తెర. వాటి గురించి ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయేది చివరికి వాటి దగ్గరికే పోతుంది.

ఎనభైల మొదట్లో చొప్పదండి దగ్గర ఒక పల్లెలో నాకు బాలవాడి పంతులమ్మగా పని దొరికింది. మాది మంచిర్యాల, చర్చికి పోయే కుటుంబం. కరీంనగర్‌లో శిక్షణ ఇచ్చినప్పుడు ఒక మేడమ్ మైదా, ఉప్పు, నూనె, సీసా రంగులు కలిపి పిల్లలు ఆడుకునే పిండి చేసి చూపించింది. అది పిసికితే పిల్లల వేళ్ళకు బలం వస్తుందని, బలపం పట్టుకోవడం సులువవుతుందని చెప్పింది. ఊరికి వచ్చి చూస్తే మైదా లేదు, సీసా రంగులు లేవు. ఉన్నవి గోధుమపిండి, పసుపు, వక్కాకుల సంచిలో సున్నం, పొయ్యిలో బొగ్గు. వాటితోనే పసుపు ముద్ద, ఎర్ర ముద్ద, నల్ల ముద్ద చేశాం. ఉప్పు దండిగా పోసేవాళ్ళం. దానివల్ల పిండి పాడయ్యేది కాదు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా వెంటనే ఉమ్మేసేవాళ్ళు.

సున్నం చేతులు మండిస్తుంది కనుక ఎర్ర ముద్ద కలపడం ఆయమ్మ పని. భర్త పోయినామె, ఊరి చివర ఒక్క గదిలో ఉండేది. ఉన్న ఒక్క బిడ్డను బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికునికి ఇచ్చింది. వెనక మనిషి అంటూ ఎవరూ లేరు, నోరు మాత్రం ఉంది. "గింత పిండి ఇంట్ల రొట్టెకు గూడ పిసుకలే పంతులమ్మా, మీ పోరగాండ్లు పాడుగాను" అని తిట్టుకుంటూనే నేను చెప్పినదానికంటే ఎక్కువసేపు పిసికేది. ఊరి పెత్తనం చేసే పటేలు తన ఎడ్లను తెచ్చి బాలవాడి గుంజకు కట్టేసేవాడు. ఒకసారి ఆయమ్మ నలుగురిలో, "నీ ఎడ్లకు సుత అ ఆలు జెప్పాల్నా పటేలా? గట్లయితే పలకలు దెచ్చియ్యి" అన్నది. అందరూ నవ్వారు, పటేలు తప్ప.

ఆ పటేలు బిడ్డ కూడా మా బాలవాడికే వచ్చేది. నాలుగేళ్ళుంటాయి. మాటకు ముందు బాపమ్మ, మాటకు తర్వాత బాపమ్మ. తండ్రి తల్లిని మా వైపు బాపమ్మ అంటారు. ఆ ముసలామె పక్కలోనే పడుకుని, ఆమె చేతితోనే తిని పెరుగుతున్న పిల్ల. ఏం చెయ్యమన్నా బాపమ్మనే చేసేది. చెయ్యగానే బొమ్మ చేతులు ఊడిపోయేవి. అందరి బొమ్మలకూ అదే గతి, గోధుమపిండి అంత బరువు మొయ్యదు. చీపురు పుల్లలు విరిచి భుజాల్లో గుచ్చి, వాటి చుట్టూ పిండి అంటించండని నేనే చూపించాను. అప్పటినుంచి మా బొమ్మలన్నింటికీ గట్టి చేతులు వచ్చాయి.

ఒకరోజు ఆ పిల్ల ఇంటి దగ్గర గోడ సందులోంచి తెల్లవెంట్రుకల చుట్ట ఒకటి తెచ్చింది. తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలను ఆడవాళ్ళు గోడ సందుల్లో దోపి ఉంచేవారు. సవరాలకని వెంట్రుకలు కొనేవాడు వచ్చినప్పుడు అవి ఇచ్చి పిన్నీసులు గానీ చిన్న గిన్నె గానీ తీసుకునేవారు. తెచ్చిన చుట్టను పిల్ల బొమ్మ నెత్తిన అతికించింది. పసుపు చీర, ఎర్ర బొట్టు, బొగ్గు కళ్ళు, తెల్లజుట్టు. నిజంగానే బాపమ్మలా ఉందని ఆయమ్మ బుగ్గలు నొక్కుకున్నది. పిల్ల దాన్ని ఒడిలో దాచుకుని ఇంటికి తీసుకుపోయింది. బాపమ్మ నిద్రలో ఉండటంతో, లేచాక చూపిద్దామని మంచం కింద పెట్టి ఆటకు పోయి మరిచిపోయింది. ఆ వయసులో ఎవరైనా మరిచిపోతారు.

ఆ వానల్లో ముసలామెకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. ఊళ్ళో ఇంకా చాలామందికి వచ్చాయి, వాగునీళ్ళు తాగే ఊరు. పటేలు ఇంట్లో మంచం జరిపి ఊడుస్తుంటే బొమ్మ దొరికింది. ఉప్పు వల్ల చెక్కలా గట్టిపడి ఉంది. పైన అంటించిన పిండి రాలిపోయి చేతుల చోట ఉత్త పుల్లలు మిగిలాయి. భుజాల్లో గుచ్చిన పుల్లలు, నెత్తిన ముసలామె సొంత వెంట్రుకలు, ఒంటినిండా పసుపు, ఎరుపు, నలుపు. చూసినవాళ్ళకు ఒక్క మాటే నోటికొచ్చింది. బాణామతి.

చేతబడికి మా వైపు మాట అది, ఆ రోజుల్లో మా ఊళ్ళలో ఆ మాటకు మనుషులు చచ్చేవాళ్ళు. కడుపునొప్పి వచ్చినా, బర్రె పాలివ్వకున్నా ఎవరో చేశారనేవారు. ఆ ఎవరో ఎప్పుడూ గట్టి ఇంటివాళ్ళు అయ్యేవాళ్ళు కాదు. చేసినవాళ్ళ ముందరి పళ్ళు ఊడగొడితే మంత్రం సరిగ్గా పలకదని, దాంతో వాళ్ళ విద్య పోతుందని గట్టి నమ్మకం.

పిల్ల నిజమే చెప్పింది. "నేనే జేసిన, గది మా బాపమ్మ" అన్నది. తల్లి చెంపమీద కొట్టి, పిండి ఎవరు కలిపారని అడిగింది. "ఆయమ్మ" అన్నది పిల్ల. అదీ నిజమే.

మర్నాడు పొద్దున నేను చొప్పదండి బస్సు దిగి వచ్చేసరికి బాలవాడి ముందు జనం నిండిపోయారు. ఆయమ్మను గుంజకు, ఎడ్లను కట్టే ఆ గుంజకే, కట్టేసి ఉంచారు. కొంగు జారిపోయి ఉంది. అప్పటికే పెదవి పగిలింది. నన్ను చూసి, "పంతులమ్మా, జర జెప్పవే వీళ్ళకు, మనం పోరగాండ్ల కోసం జేస్తమని జెప్పు" అన్నది. ఆమె గొంతులో అంత భయం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

నేను చెప్పాను. అరిచి చెప్పాను. శిక్షణ గురించి, మేడమ్ గురించి, వేళ్ళ బలం గురించి. పుల్లలు గుచ్చమన్నది నేనేనని చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. చివరికి పటేలు ముందు నిలబడి, "చేసి చూపిస్తాం, మీ కళ్ళతో మీరే చూడండి" అన్నాను. చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాను. పిండి ఎక్కడైనా పిండే కదా.

"కానియ్యి" అన్నాడు పటేలు.

పళ్ళెంలో పిండి, ఉప్పు, నూనె తెచ్చాను. పిల్లలు రోజులాగే గుండ్రంగా కూర్చున్నారు. ఇంతమంది చూస్తున్నారని వాళ్ళకు సంబరం. పసుపు ముద్ద కలిపాను. సున్నం వేసి పిసికాను. ముద్ద ఎర్రబడగానే పిల్లలు రోజులాగే అరిచారు. జనం మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేశారు. వాళ్ళలో దిష్టి నీళ్ళు కలపని ఆడది ఒక్కతీ లేదు. అయినా వెనక్కి జరిగారు.

పటేలు బిడ్డ ఎంత చక్కగా చేసిందో చెప్పలేను. పసుపు చీర చేసింది. ఎర్ర బొట్టు పెట్టింది. బొగ్గుతో కళ్ళు దిద్దింది. చీపురు పుల్ల విరిచి ఒక భుజంలో గుచ్చింది, ఇంకోటి ఇంకో భుజంలో గుచ్చింది. తర్వాత తల ఎత్తి తండ్రిని అడిగింది.

"బాపూ, బాపమ్మ ఎంటికలు దేవా? గోడల ఉన్నయి."

పిల్లకు మెచ్చుకోలు రావలసిన చోట అది రాలేదు. పిల్ల దిక్కులు చూడసాగింది. చివరికి ఒక ముసలాయన అన్నాడు.

"సూసిండ్రా? పసిపోరలకు సుత నేర్పిచ్చింది."

"నేర్పింది నేను!" అని అరిచాను. "పండ్లు పీకితే నావి పీకండి!"

"నువ్వు కిరస్తానపు పిల్లవు, నీకేం ఎర్క బాణామతి?" అన్నాడు పటేలు, చాలా మర్యాదగా. "నీ చేతుల తోటి గది జేయిపిచ్చుకున్నది. నువ్వు ఫికర్ జేయకు, పక్కకు జరుగు."

ఆ పళ్ళెం బయటికి తేకుండా ఉండవలసిందని తర్వాత చాలామంది నాకు చెప్పారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లలు బొమ్మలు చేస్తుంటే చూసి, ఆడదాని నోట్లోకి పట్కారు తీసుకుపోయినవాళ్ళను వదిలేసి నా పళ్ళెం మీద పడతారా? నన్ను నేను తిట్టుకోను. తిట్టవలసినవాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే తిని తిరుగుతున్నారు.

పిల్లలను ఇంటికి పంపాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచేసరికి ఇద్దరు నా రెక్కలు పట్టుకుని ఉన్నారు. పిల్లలు పిండి చేతులతో అట్లాగే గుండ్రంగా కూర్చుని చూశారు. పటేలు చేతిలో పట్కారు ఉంది. ఒక్కో పన్నుకు ముందు వంగి ఆమెను ఒక్కటే మాట అడిగాడు. "చెప్పు, ఇంకోపారి జేస్తవా? జేస్తవా?" ఆమె చెయ్యనన్నది. అన్నా పీకాడు. తర్వాత ఆమె అన్నది మాటగా వినిపించలేదు.

బెల్లంపల్లి నుంచి బిడ్డ వచ్చి, మూతికి తువాల చుట్టి తల్లిని తీసుకుపోయింది. పోలీసులు వచ్చి అడిగితే మేమేమీ చూడలేదని ఊరంతా చెప్పింది. నేను చూసింది చెప్పాను, ఒక్కదాని మాట ఎంతవరకు పోతుందో అంతవరకే పోయింది. ముసలామెకు కరీంనగర్ డాక్టరు గోలీలతో జ్వరం తగ్గింది. పళ్ళు పీకినందుకే తగ్గిందన్నారు. ఆమె కూడా అదే అన్నది. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ అన్నది.

మా వాళ్ళు మంచిర్యాలకు వచ్చెయ్యమన్నారు. నేను పోలేదు, పంతం పట్టాను. బాలవాడి మళ్ళీ తెరిచాక కొన్నాళ్ళు పాటలు, పలకలతోనే నడిపాను. పిల్లలు ఊరుకోలేదు. పిండి కావాలె, పిండి కావాలె అని రోజూ నా కొంగు పట్టుకు లాగారు. చివరికి పసుపు, సున్నం, బొగ్గు ఏవీ లేకుండా ఉత్త తెల్లపిండి కలిపి ఇచ్చాను. పుల్లలు వద్దన్నాను. అన్నీ తీసేస్తే ఇక భయం ఉండదనుకున్నాను.

పటేలు బిడ్డ ఈసారి ఒక్క తలకాయే చేసింది. పెద్ద నోరు పెట్టింది. చిన్న చిన్న పిండి గింజలు చేసి నోట్లో వరసగా పేర్చింది. ఎవరని అడిగాను.

"ఆయమ్మ" అన్నది.

రెండు వేళ్ళతో ఒక గింజ పట్టుకుంది. బొమ్మ మీదికి వంగింది. "చెప్పు, ఇంకోపారి జేస్తవా? జేస్తవా?" అని అడిగి గుంజింది. గొంతు అచ్చం తండ్రిదే. మిగతా పిల్లలు ఆడుకోవడం ఆపి దగ్గరికి జరిగారు. అన్నీ గుంజి పక్కన పెట్టింది. తర్వాత వాటిని ఏరుకుని ఒక్కొక్కటే తిరిగి బొమ్మ నోట్లో పెట్టడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. బాగు చేస్తున్నదనుకున్నాను, దాని మనసులో ఎక్కడో ఆయమ్మ ఉందనుకున్నాను. చెయ్యి ఎత్తి దాని తల నిమరబోయాను.

ఆఖరి పన్ను పెట్టేసి బొమ్మను పక్కనున్న పిల్లవాని ముందుకు జరిపింది.

"ఇగ నువ్వు గుంజు" అన్నది.